రసాయనశాస్త్రంలో విద్యార్థుల చేత వీడియో పాఠాలు చేయించడం ఎలా?

“వీడియో తీయమంటే పిల్లలు హుషారుగా తీస్తారు, సరే. దానితో రసాయనశాస్త్రం వస్తుందా?” ఉపాధ్యాయులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. వస్తుంది. అయితే అది వచ్చేది కెమెరా ముందు కాదు, కెమెరా తీయకముందు స్క్రిప్టు రాసి, దిద్దించుకుని, మళ్లీ రాసేటప్పుడు. అందుకే ఈ పనిలో మీ సమయం సగానికి పైగా షూటింగ్ మొదలుకాకముందే ఖర్చవుతుంది. అలా ఖర్చు కాలేదంటే చివరికి మీ చేతికి చక్కటి సంగీతమూ తప్పుడు రసాయనశాస్త్రమూ ఉన్న వీడియోలు వస్తాయి.

కింది పద్ధతి హైస్కూలు పై తరగతుల నుంచి డిగ్రీ మొదటి సంవత్సరం దాకా సరిపోతుంది. ఉదాహరణకు ఎక్కువగా ఒకే చర్యను తీసుకున్నాం: సిల్వర్ నైట్రేట్, సోడియం క్లోరైడ్ ద్రావణాలు కలిపితే తెల్లటి అవక్షేపం (ద్రావణంలోంచి విడిపోయి అడుగున పేరుకునే ఘనపదార్థం) రావడం.

ఏమేం కావాలి

- ముగ్గురికి ఒక ఫోను. 720పి నాణ్యత చాలు, 1080పి ఉంటే మంచిదే. 4కే వద్దు, ఫైళ్లు బరువెక్కుతాయి తప్ప ఒరిగేదేమీ లేదు.
- ఫోను కదలకుండా పట్టే స్టాండు. లేకపోతే ప్రయోగశాలలోని రిటార్ట్ స్టాండుకు క్లాంపు బిగించి, ఫోను అంచులకు మెత్తటి గుడ్డ చుట్టి పట్టించవచ్చు.
- వెనక పెట్టడానికి తెల్ల అట్ట ఒకటి, నల్ల అట్ట ఒకటి.
- మైకు ఉన్న ఇయర్‌ఫోన్లు.
- రంగు కాగితం బిళ్లలు లేదా బంకమట్టి ఉండలు (కణాల బొమ్మలకు).
- రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు, ఏప్రాన్లు, ప్రయోగానికి కావలసిన సరంజామా.
- ఫోనులో ఉచితంగా దొరికే ఏదో ఒక ఎడిటింగ్ యాప్. కత్తిరించడం, అతికించడం, గొంతు కలపడం వస్తే చాలు.

తరగతి మొత్తానికి ఒకే ఫోను ఉన్నా పని ఆగదు. ఒక్కో జట్టుకు 15 నిమిషాలు ఇచ్చి, రిహార్సల్ అయినవాళ్లే ఫోను తీసుకోవాలని నియమం పెట్టండి. ఫోన్లే లేని చోట కాగితం మీద వరసగా బొమ్మలు గీయించి, వాటిని చూపిస్తూ మాట్లాడించండి. వీడియోలో నేర్చుకునేదంతా దాదాపు అందులోనూ ఉంటుంది.

1. ప్రశ్నను ఇరుకు చేయండి

“ఆమ్లాలు, క్షారాలు” మీద వీడియో చేయమంటే పాఠ్యపుస్తకం చదివి వినిపిస్తారు. సమాధానం 2 నుంచి 3 నిమిషాల్లో ముగిసే ప్రశ్న ఇవ్వాలి, అందులో “ఎందుకు” ఉండాలి. కొన్ని నమూనాలు:

- ఈ రెండు రంగులేని ద్రావణాలు కలిస్తే తెల్లగా ఎందుకయ్యాయి? గిన్నెలో ఇంకా ఏ అయాన్లు (ఆవేశమున్న కణాలు) మిగిలాయి?
- ఒకే గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లాలలో మెగ్నీషియం ముక్క వేస్తే ఒకచోట బుడగలు వేగంగా ఎందుకొస్తున్నాయి?
- కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఇనుప మేకు వేస్తే నీలం రంగు ఎందుకు పలచబడుతోంది?
- సోడియం థయోసల్ఫేట్‌కు ఆమ్లం కలిపితే ద్రావణం మసకబారి కింది కాగితం మీది గుర్తు మాయమవుతుంది. థయోసల్ఫేట్ గాఢత తగ్గిస్తే దానికి ఎందుకు ఆలస్యమవుతోంది?

ఒక్కో ప్రశ్నను రెండేసి జట్లకు ఇవ్వండి. రెండు జట్లూ ఒకే విషయాన్ని వేరువేరుగా చెప్పినప్పుడు తరగతిలో మొదలయ్యే వాదనకు మరే బోధనోపకరణమూ సాటిరాదు.

2. జట్టుకు ముగ్గురు, పనులు మారుతూ ఉండాలి

ఒకరు ప్రయోగం చేస్తారు, ఒకరు ఫోను చూసుకుంటారు, ఒకరు స్క్రిప్టు పట్టుకుని క్రమం తప్పకుండా నడిపిస్తారు. అయిదుగురిని పెడితే ఇద్దరు ఊరికే నిలబడతారు. ఫోను పట్టుకున్నవారు రసాయనాలు ముట్టుకోకూడదు, రసాయనాలు ముట్టుకున్నవారు ఫోను ముట్టుకోకూడదు. తొడుగులున్న చేత్తో ఫోను తాకి, అదే ఫోనును తర్వాత చెంపకు ఆనించుకోవడం అన్నిటికన్నా మామూలుగా జరిగే పొరపాటు.

స్క్రిప్టు మాత్రం ఒకరి మీదకు నెట్టేయకూడదు. ముగ్గురూ తలా ఒక కణచిత్రం (చర్యలో కణాలు ఎలా ఉంటాయో చూపే బొమ్మ) చేత్తో గీసి తేవాలి. ఎవరికి ఎక్కడ అనుమానం ఉందో ఆ మూడు బొమ్మలు పక్కపక్కన పెట్టగానే బయటపడుతుంది.

3. స్క్రిప్టు రాయించి, దిద్దండి

పేజీని మూడు నిలువు గడులుగా గీయించండి: కంటికి కనిపించేది, కణాల స్థాయిలో జరిగేది, సమీకరణం. అలెక్స్ జాన్‌స్టన్ అనే రసాయన విద్యావేత్త 1991లో, రసాయనశాస్త్రం కష్టమనిపించడానికి ఈ మూడు స్థాయిల మధ్య ఒక్కసారిగా గెంతడం ఒక ముఖ్య కారణమని చెప్పారు. సిద్ధాంతం ఇంతవరకు చాలు. మీరు చూడాల్సిందల్లా ప్రతి అడ్డు వరసలోనూ మూడు గడులూ నిండాయా, మూడూ ఒకే మాట చెబుతున్నాయా అని.

స్క్రిప్టును గడియారం పెట్టుకుని బిగ్గరగా చదివించండి. 3 నిమిషాలు దాటితే కోయించండి. తెలుగులో ఆగి ఆగి వివరంగా చెబితే నిమిషానికి 100 మాటలకు అటూ ఇటూగా నడుస్తుంది కాబట్టి 250 మాటల స్క్రిప్టు సరిపోతుంది.

దిద్దేటప్పుడు ఇలాంటి వాక్యాల మీద కన్నేయండి:

“సిల్వర్ నైట్రేట్ అణువులు, సోడియం క్లోరైడ్ అణువులు కలిసి జంటలు మార్చుకుంటాయి.” చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ ఈ ద్రావణాల్లో అలాంటి అణువులు లేవు. కలపకముందే అయాన్లు విడివిడిగా తిరుగుతున్నాయి. కలిపాక సిల్వర్, క్లోరైడ్ అయాన్లు దగ్గరై ఘనపదార్థంగా పేరుకున్నాయి. సోడియం, నైట్రేట్ అయాన్లకు ఏమీ కాలేదు, అవి ప్రేక్షక అయాన్లు.

“క్లోరిన్‌కు ఒక ఎలక్ట్రాన్ కావాలని ఉంటుంది.” పరమాణువుకు కోరికలుండవు. ఇక్కడ ఆకర్షణ, శక్తి అనే మాటలతో మళ్లీ రాయించండి.

“బంధం తెగినప్పుడు శక్తి విడుదలవుతుంది.” తెగడానికి శక్తి కావాలి, ఏర్పడినప్పుడు విడుదలవుతుంది. ఈ తప్పు పై తరగతులకు వెళ్లినా వదలదు.

తెలుగు మాటల వల్లే వచ్చే చిక్కులు మరికొన్ని. మంచు కరిగింది అంటాం, ఉప్పు నీళ్లలో కరిగింది అనీ అంటాం. ఒకటి ద్రవీభవనం, రెండోది ద్రావణం ఏర్పడటం. స్క్రిప్టులో “కరగడం” అన్న మాట ఎక్కడ కనిపించినా ఏది ఉద్దేశమో పక్కన రాయించండి. అణువు, పరమాణువు సంగతీ అంతే. అణుబాంబు, అణుశక్తి అన్నప్పుడు అణువంటే నిజానికి పరమాణువే. రసాయనశాస్త్రంలో మాత్రం నీటికి ఉండేది అణువు, అందులోని ఆక్సిజన్ పరమాణువు. వాడుకలోంచి వచ్చిన ఈ గందరగోళం పిల్లల తప్పు కాదు, కానీ వీడియోలో వదిలేస్తే చూసేవాళ్లందరికీ అంటుకుంటుంది.

స్క్రిప్టు ఎక్కడి నుంచో దించినట్టు అనుమానం వస్తే విచారణలు పెట్టకండి. “ఈ వాక్యానికి బొమ్మ గీయి” అనండి. సొంతంగా రాసినవాళ్లు గీస్తారు.

మీ సంతకం లేని స్క్రిప్టుకు షూటింగ్ లేదు. ఈ ఒక్క నియమం దగ్గర మెత్తబడకండి.

4. భద్రత కాగితం

జట్టు ఒక పేజీ రాయాలి: వాడే ప్రతి రసాయనం, దాని గాఢత, పరిమాణం, ప్రమాదం, ఒలికితే ఏం చేయాలి, చివరికి ఎక్కడ పారబోయాలి. ఇంటి దగ్గర ప్రయోగం చేసి వీడియో తేవడానికి ఒప్పుకోకండి. ఇంట్లో బొమ్మల భాగం, గొంతు, ఎడిటింగ్ చేసుకోవచ్చు.

కెమెరా ముందున్నప్పుడు “ఇంకాస్త ఎక్కువ పోస్తే బాగా కనిపిస్తుంది” అనే ఉబలాటం పుడుతుంది. పరిమాణం ముందే కాగితం మీద రాసి ఉంటే ఆ ఉబలాటానికి అడ్డుకట్ట పడుతుంది. సిల్వర్ నైట్రేట్ అయితే 0.05 మోలార్ ద్రావణం 2 మి.లీ. చాలు. చర్మం మీద పడితే నల్లటి మచ్చలు అవుతాయి కాబట్టి తొడుగులు తప్పనిసరి, మిగిలినదాన్ని సింకులో పోయకుండా విడి సీసాలో పట్టాలి. థయోసల్ఫేట్ ప్రయోగంలో సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. ఉబ్బసం ఉన్నవారిని దూరంగా ఉంచి, గాలి బాగా ఆడే చోట చేసి, కొలత అయిన వెంటనే మిశ్రమాన్ని సోడియం కార్బనేట్ ద్రావణంలో పోయించండి.

మిథనాల్ పోసి రంగురంగుల మంటలు చూపించే ప్రదర్శన వీడియోలో అద్భుతంగా ఉంటుంది కనుక పిల్లలు అదే అడుగుతారు. ఒప్పుకోవద్దు. మిథనాల్ ఆవిరి అంటుకుని విద్యార్థులు తీవ్రంగా కాలిన ఘటనలున్నాయి. బల్ల మీద మిథనాల్‌తో ఈ ప్రదర్శన ఆపేయాలని అమెరికన్ కెమికల్ సొసైటీ భద్రతా కమిటీ 2014లోనే సూచించింది. మంట రంగులే చూపాలంటే లవణ ద్రావణంలో నానిన చెక్కపుల్లను బర్నరు మంటలో పెట్టించండి.

5. నీళ్లతో రిహార్సల్

రసాయనాల బదులు నీళ్లు పోసి మొత్తం ఒకసారి నడిపించండి. చెయ్యి లెన్సుకు అడ్డం వస్తోందా, సీసా లేబుల్ కనిపిస్తోందా, క్లాంపు జారుతోందా అన్నవి ఇక్కడే తేలిపోవాలి. అసలు షూటింగుకు మూడు ప్రయత్నాలకు మించి రసాయనాలు ఇవ్వకండి. ఆ పరిమితి ఉంటేనే రిహార్సల్ సీరియస్‌గా చేస్తారు.

6. షూటింగ్

ఫోను అడ్డంగా ఉంచాలి. తీయాల్సినవి నాలుగే దృశ్యాలు: లేబుళ్లు కనిపించేలా సీసాలు, కలపడం, దగ్గరి నుంచి మార్పు, చివరి ఫలితం. ముఖాలు అక్కర్లేదు, చేతులు చాలు. సిగ్గుపడే పిల్లలకు ఇదొక పెద్ద ఊరట.

చెడిపోయేది ఎక్కువగా రంగు దగ్గరే. ఫోను తనంతట తాను వెలుతురును, తెలుపును సరిచేసుకుంటూ ఉంటుంది. ఆమ్ల, క్షారాల సూచిక ఫినాఫ్తలీన్ లేత గులాబీకి తిరగగానే దాన్ని తెలుపు కిందికి లాగేస్తుంది, అంతిమ బిందువు (రంగు మారి, కొలత ఆపాల్సిన క్షణం) వీడియోలో కనిపించకుండా పోతుంది. తెర మీద వస్తువున్న చోట వేలు కాసేపు నొక్కి పట్టండి. చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు అక్కడితో తాళం పడతాయి. తెలుపును కూడా బిగించగల యాప్ ఉంటే ఇంకా మంచిది. లేదంటే రంగు మారని కుప్పెను ఒకటి పక్కనే పెట్టి తీయండి, పోలిక ఉంటుంది కాబట్టి లేత రంగు కూడా తెలుస్తుంది.

తెల్ల అవక్షేపానికి వెనక నల్ల అట్ట, రంగు ద్రావణాలకు తెల్ల అట్ట. వెలుతురు పక్క నుంచి, కిటికీలోంచి వస్తే శ్రేష్ఠం. ఎదురుగా ఫ్లాష్ వేస్తే గాజు మీద తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనిపించదు. సిల్వర్ క్లోరైడ్ వెలుతురుకు ఊదా బూడిద రంగులోకి మారుతుంది కనుక చివరి దృశ్యాన్ని ఆలస్యం చేయకండి. లేదా ఆ మార్పునే మరో ప్రశ్నగా మరో జట్టుకు ఇవ్వండి.

వీడియోలో నల్లటి చారలు పాకుతున్నాయా? దీపాల మిణుకు అది. విద్యుత్తు 50 హెర్ట్జ్ ఉన్న చోట షట్టరును సెకనులో 50వ లేదా 100వ వంతుకు, 60 హెర్ట్జ్ ఉన్న చోట 60వ లేదా 120వ వంతుకు మార్చండి. స్లో మోషన్ అయితే పగటి వెలుతురులోనే తీయాలి.

కొలతలు చూపేటప్పుడు లెన్సు మెనిస్కస్‌కు (గాజులో ద్రవం పైభాగపు వంపుకు) సరిగ్గా సమానమైన ఎత్తులో ఉండాలి. ఫోను పైనుంచి చూస్తే కొలజాడీలో అసలుకంటే ఎక్కువ, బ్యూరెట్‌లో అసలుకంటే తక్కువ రీడింగ్ కనిపిస్తుంది, బ్యూరెట్ సున్నా పైన ఉంటుంది కనుక. ఈ తేడా ఎందుకొచ్చిందో చెప్పమని జట్టునే అడగండి.

నెమ్మదిగా జరిగే చర్యలకు టైమ్‌లాప్స్ వాడండి. ఇనుప మేకు ప్రయోగంలో 10 సెకన్లకు ఒక ఫొటో చొప్పున 30 నిమిషాలు తీస్తే 180 ఫొటోలు. సెకనుకు 15 చొప్పున నడిపితే 12 సెకన్ల దృశ్యం. తెర మూలలో అసలు పట్టిన సమయం తప్పక రాయించాలి, లేకపోతే చర్య 12 సెకన్లలో ముగిసిందనుకుంటారు. చర్య వేగం గురించిన వీడియోలో కలపడం నుంచి ఫలితం దాకా మధ్యలో కత్తిరింపు ఉండకూడదు.

7. కణాల బొమ్మలు

ఈ పద్ధతిలో అసలు సారం ఇక్కడుంది. విద్యార్థి మనసులో ఉన్న బొమ్మ మీకు కనిపించేది ఇక్కడే.

కాగితం బిళ్లలను బల్ల మీద పరిచి, కాస్త కాస్త జరుపుతూ పైనుంచి ఫొటోలు తీయాలి. ఆస్ట్రేలియాలో గ్యారీ హోబన్ ఉపాధ్యాయ విద్యార్థుల కోసం ప్రచారంలోకి తెచ్చిన స్లోమేషన్ పద్ధతిలో సెకనుకు 2 ఫొటోలే వాడతారు. సినిమాలా సాఫీగా ఉండదు, కానీ 40 సెకన్లకు 80 ఫొటోలతో సరిపోతుంది, చూసేవారికి ఆలోచించే వ్యవధీ దొరుకుతుంది.

మన ఉదాహరణకు సిల్వర్, నైట్రేట్, సోడియం, క్లోరైడ్ బిళ్లలు నాలుగేసి, మొత్తం 16. ఒక్కోదాని మీద ఆవేశం గుర్తు రాయాలి. సైజులు కూడా ఇంచుమించుగా ఉండాలి. సోడియం అయాన్ వ్యాసార్థం దాదాపు 102 పికోమీటర్లు, క్లోరైడ్‌ది 181. ఒకటి 2 సెం.మీ. అయితే రెండోది 3.5 సెం.మీ. చేయండి. చివరికి నాలుగు సిల్వర్, నాలుగు క్లోరైడ్ బిళ్లలు ఒకదాని పక్కన ఒకటి మారుమారుగా అడుగున పేరుకోవాలి. జతలు జతలుగా తేలుతూ ఉంటే తప్పు. మిగిలిన ఎనిమిదీ విడివిడిగా తిరుగుతూనే ఉండాలి. ఒక్క చోట ఆగిపోయినా తప్పే.

నీటి అణువులన్నీ చూపడం కుదరదు. 0.1 మోలార్ ద్రావణంలో ఒక్కో సోడియం క్లోరైడ్ జంటకు 550 నీటి అణువుల వరకూ ఉంటాయి. “నీటి అణువులను చూపలేదు” అని గొంతులో చెప్పించండి. బొమ్మ ఎక్కడ అబద్ధమాడుతోందో చెప్పగలిగిన విద్యార్థికి ఆ బొమ్మ అర్థమైనట్టే.

బలహీన ఆమ్లం జట్టుకు హెచ్చరిక: 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో అయనీకరణం చెందేది సుమారు 1.3 శాతం. అంటే 75 అణువులకు ఒకటి. పది అణువులు గీసి అందులో అయిదు విడగొడితే బలమైన ఆమ్లానికీ బలహీన ఆమ్లానికీ తేడా సగం పోయినట్టే. 75 చిన్న బిళ్లలు పరచడానికి పిల్లలు విసుక్కుంటారు. పరిచాక మాత్రం మరిచిపోరు.

సమతాస్థితి మీద చేసేవాళ్లు చివర్లో బిళ్లలను కదలకుండా వదిలేస్తారు. చర్య రెండు వైపులా జరుగుతూనే ఉండాలి, లెక్క మాత్రం మారకూడదు. పరిమిత కారకం (చర్యలో ముందుగా అయిపోయే పదార్థం) జట్టు 6 హైడ్రోజన్, 2 ఆక్సిజన్ అణువులతో మొదలుపెడితే చివర 4 నీటి అణువులు, 2 హైడ్రోజన్ అణువులు మిగలాలి. మిగిలినవాటిని తెర బయటికి తోసేయడం మామూలు తప్పు.

8. గొంతు, ఎడిటింగ్

ప్రయోగం జరుగుతుండగా మాట్లాడించకండి, చేతి మీద ధ్యాస పోతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో మైకును నోటికి ఒక జానెడు దూరంలో పెట్టి విడిగా రికార్డు చేయాలి. నేపథ్య సంగీతం వద్దు. తెర మీద సమీకరణం కనీసం 5 సెకన్లు నిలవాలి. ఎగుమతి 720పిలో, సెకనుకు 4 మెగాబిట్ల దగ్గర చేస్తే 3 నిమిషాల ఫైలు సుమారు 90 ఎంబీ అవుతుంది.

9. తరగతిలో చూపించడం

వరసగా వేసుకుంటూ పోతే నిద్రపోతారు. ఒక్కో వీడియోను ద్రావణాలు కలపబోయే క్షణం దగ్గర ఆపి, “ఏమవుతుంది? ఏ అయాన్లు మిగులుతాయి?” అని కాగితం మీద రాయించి, అప్పుడు నడపండి. ఒక పీరియడ్‌కు నాలుగు వీడియోలు చాలు.

మార్కులు

20 మార్కులకు ఇలా వేయవచ్చు: రసాయన విషయం సరిగా ఉండటానికి 7, కణచిత్రానికి 5, విడివిడిగా అడిగే మౌఖిక ప్రశ్నలకు 4, పరిశీలనకూ కొలతలకూ 3, స్పష్టతకు 1. హంగులకు ఏమీ లేదు. భద్రతకు మార్కులు పెట్టకండి. కళ్లద్దాలు లేకుండా తీసిన దృశ్యం ఉంటే ఆ వీడియో చెల్లదు, మళ్లీ తీయాలి. మార్కులు పెడితే “రెండు పోతే పోయాయి” అనుకునేవారుంటారు.

మౌఖిక ప్రశ్నలకు ఒక్కొక్కరికి రెండు నిమిషాలు చాలు. వాళ్ల వీడియోనే ఎక్కడో ఒకచోట ఆపి, “ఈ బిళ్ల ఏమిటి? ఇక్కడి నుంచి ఎటు పోతుంది?” అని అడగండి. జట్టులో పని చేసిందెవరో, చేయనిదెవరో తెలిసిపోతుంది.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

వీడియో బాగుందంటే విషయం వచ్చిందని కాదు. ముందుగా వీడియో మీదే మూడు పరీక్షలు చేయండి.

- ఏ ఫ్రేమ్ దగ్గర ఆపినా తెర మీది ధన, రుణ ఆవేశాలు సరితూగాలి.
- మొదటి ఫ్రేములో ఉన్న పరమాణువులన్నీ చివరి ఫ్రేములోనూ లెక్కకు రావాలి.
- గొంతు ఆపేసి చూస్తే కథ అర్థం కావాలి. కాకపోతే బొమ్మ అలంకారంగా మిగిలిపోయింది.

తర్వాత రెండు వారాలు ఆగి, వీడియోలో లేని చర్య మీద చిన్న ప్రశ్న ఇవ్వండి. సిల్వర్ క్లోరైడ్ చేసినవారికి: “బేరియం క్లోరైడ్, సోడియం సల్ఫేట్ ద్రావణాలు కలిపితే గిన్నెలో ఏముంటుందో గీయండి.” బేరియం సల్ఫేట్ అడుగున పేరుకుని, సోడియం, క్లోరైడ్ అయాన్లు విడిగా ఉండాలి. క్లోరైడ్ ఈసారి ప్రేక్షక అయాన్. “క్లోరైడ్ అంటే అవక్షేపం” అని బట్టీ పట్టినవారు ఇక్కడ దొరికిపోతారు. సోడియం అయాన్ల సంఖ్య సల్ఫేట్‌కు రెట్టింపు ఉండాలన్నది ఎంతమందికి తట్టిందో కూడా చూడండి. వీడియో చేసినవారి జవాబులనూ, చూసినవారి జవాబులనూ వేరు కట్టలుగా పెట్టి పోల్చండి. రెండో కట్ట మరీ వెనకబడి ఉంటే లోపం 9వ మెట్టులో ఉంది, ఆపి అడగడం సరిగా జరగలేదు.

థయోసల్ఫేట్ వీడియోలు ఉంటే ఇంకొక పరీక్ష ఉచితంగా దొరుకుతుంది. సెకనుకు 30 ఫ్రేములున్న వీడియోను అందరికీ ఇచ్చి, గుర్తు మాయమైన క్షణాన్ని ఎవరికి వారు రాయమనండి. ఫ్రేము వ్యవధి సెకనులో 30వ వంతే అయినా జవాబుల్లో సెకన్ల తేడా ఉంటుంది. కొలతలో దోషం గడియారానిదా, కంటిదా అన్న చర్చకు అంతకన్నా మంచి మొదలు దొరకదు.

వీడియోలను దాచేటప్పుడు ఫైలు పేరులో ప్రశ్న, తరగతి, సంవత్సరం మాత్రమే పెట్టండి, విద్యార్థుల పేర్లు వద్దు. బయట ఎక్కడైనా పెట్టాలంటే పిల్లల, తల్లిదండ్రుల లిఖిత అనుమతి ఉండాలి. తప్పులున్న ఒకటి రెండు వీడియోలను, చేసినవారు ఒప్పుకుంటే, చెరిపేయకండి. వచ్చే ఏడాది పిల్లలకు మొదటి పని అదే: ఈ వీడియోలో ఎక్కడ తప్పుందో కనిపెట్టి, ఆ 20 సెకన్లకు కొత్త స్క్రిప్టు రాయండి.